నిరీ రేవు రాతగాడు

రజబ్ 3

బెండహారా పిలిపించాడు. మంత్రిగారి నుంచి కబురొస్తే రాతగాళ్ళం ముగ్గురం కలిసి వెళ్ళడం మామూలు. ఇవాళ నన్నొక్కణ్ణే రమ్మన్నాడు. ఆకు నములుతూనే మాట్లాడాడు. ఆ మనిషి నోరు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు నిరీ రేవులో ఎవరూ లేరు.

"తున్ ముస్తారీ, మన రాజుల కథ రాయాలయ్యా. ఈశాన్యపు గాలికి చీనా చక్రవర్తి దూత దిగుతున్నాడు. మీ రాజులెవరు, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారని అడుగుతాడు. నోటిమాట వాళ్ళు లెక్కచెయ్యరు. పుస్తకం చూపిస్తే ముద్ర ఇస్తారు. ముద్ర చేతికొస్తే సియాం వాడు మన వైపు కన్నెత్తి చూడడు."

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

"పెద్ద రాజావారు ఈ ఏటి మొగలో కాలు పెట్టిన రోజు నుంచి. అప్పుడిక్కడ ఎవరూ లేరు. అడవి, బురద, కోతులు. అంతే. తెలిసిందా?"

తెలిసిందన్నాను.

ఈ పని నాకు దక్కడానికి కారణం నా దస్తూరీ. మిగతా ఇద్దరిలో ఒకడికి చూపు ఆనదు, రెండోవాడికి అక్షరాలు ఆనవు.

రజబ్ 5

నేను చదువుకున్న పసాయ్ పట్నంలో మా గురువుగారు ఏ రోజు తప్పులు ఆ రోజే రాసుకోమనేవారు. ఆ అలవాటు పోలేదు. కాకపోతే ఇప్పుడు ఎదుటివాళ్ళ తప్పులు రాస్తున్నాను. అవే ఎక్కువున్నాయి.

ఇవాళ్టివి: వంటవాడు మళ్ళీ గుల్లలు వండాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? రెండో రాతగాడు నా కలం తీసుకుని వీపు గోక్కున్నాడు. వాకిలి కాసేవాడు "మీది పసాయ్‌లో ఏ వీధండీ?" అని అడిగాడు. ఏ వీధైతే వాడికెందుకు? బట్టల బజారు వెనక అని చెప్పాను. పోయినేడు మసీదు పక్కన అని చెప్పినట్టున్నాను.

రజబ్ 9

మొదటి పుట అయింది.

"శ్రీ సురాదీర మహారాజు దక్షిణాన ఉన్న తన దేశం నుంచి పారి" దాకా రాసి, కొట్టేసి, "విహారార్థం బయల్దేరి" అని మార్చాను. దారిలో ఒక ద్వీపపు దొర ఆయనకు ఆతిథ్యం ఇచ్చాడు. "ఆ దొర అకస్మాత్తుగా మరణించగా" అని రాశాను. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి పొడిచినా, వాడికది అకస్మాత్తే కదా.

పుస్తకంలోకి రానివి: ఏడు ఓడలు బయల్దేరితే ఇక్కడికి చేరినవి రెండు. ఓడలనిండా జ్వరం. తాగడానికి నీళ్ళు లేవు. ఈ ఏటి మొగలో పడవల మీదే పుట్టి పడవల మీదే పోయే జనం ఉండేవారు. వాళ్ళ పెద్ద బాతిన్ గెలామ్. రాజుకి సగ్గుబియ్యం జావ పోసినవాడు అతనే. బురదలో దారి తెలిసిన తన మనుషుల్ని ముందు కూర్చోబెట్టి ఓడలు రెండింటినీ ఏట్లోకి తెచ్చినవాడూ అతనే. జ్వరం దిగాక రాజు అతనితో ఒకే కొబ్బరి చిప్పలో తాగి మాటిచ్చాడు. సభలో నా పేరు పిలిచిన ప్రతిసారీ ఆ వెంటనే నీ పేరు పిలుస్తారని. పన్నెండేళ్ళు పిలిచారు. ఆయన పోయి కొడుకు గద్దె ఎక్కిన ఏడు మానేశారు.

ఇదంతా పడవజనం చెప్పుకునే కబుర్లు. ఎప్పుడో ఎక్కడో విన్నాను. నేను రాసింది ఇది: "అప్పుడా ఏటి మొగలో నరసంచారం లేదు."

వాక్యం చక్కగా కుదిరింది.

రజబ్ 15

గద్దె పండుగ. డప్పులు, సన్నాయిలు, పసుపు గొడుగులు. పసుపు రంగు రాజుకి తప్ప ఇంకెవరికీ కూడదు కనక మిగతావాళ్ళమంతా ఎండలో.

ఏటా ఈ రోజున ఒక ముసలిది వస్తుంది. పడవజనం మనిషి, పేరు తిరామ్. మెట్ల కింద బురద కాళ్ళతో నిలబడుతుంది. పేర్లు పిలవడం అయ్యాక వెళ్ళిపోతుంది. ఇవాళ వెళ్ళలేదు.

పెద్ద రాజావారి పేరు పిలిచారు. ఇప్పటి రాజావారి పేరు పిలిచారు. డప్పు ఆగింది.

"తరవాత?" అంది ముసలిది.

"తరవాత భోజనాలు. నడువు నడువు" అన్నాడు వాకిలివాడు. జనం నవ్వారు.

"మజ్జిలో ఇంకో పేరుండాల."

"ఎవరిదే, నీ మొగుడిదా?"

"మా అయ్యది. బాతిన్ గెలామ్."

పైనుంచి బెండహారా తొంగిచూశాడు. "అవ్వా, పోయినేడే చెప్పాం కదా, ఆ ఆచారం ఇప్పుడు లేదని."

"నువ్వు సెప్పినావు. నాను ఒప్పుకోనేదు."

రాజావారు గోళ్ళు చూసుకుంటున్నారు. తలెత్తకుండానే, "దానికో బట్ట ఇచ్చి పంపండి" అన్నారు. మంచి గుజరాతీ బట్ట ఇచ్చారు. ముసలిది దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, మెట్టు మీద కూర్చుని తీరిగ్గా కాళ్ళ బురద తుడుచుకుంది. వేళ్ళ సందులు కూడా. మడతపెట్టి మెట్టు మీదే వదిలేసి వెళ్ళింది. మర్యాద తెలీని జాతి.

వెళ్తూ రాతగాళ్ళ వరస వైపు చూసింది. నన్ను కాదు. కళ్ళల్లో ఎండ పడి అలా తిరిగింది.

రజబ్ 16

నన్ను కాదు.

రజబ్ 22

చీనా ఓడలు వచ్చేవేళకి ఏటి మొగలో పడవజనం కనబడకూడదట. చిరుగు చాపలు, ఎండుచేపలు, వెనక వేలాడే పిల్లలు. దూతగారి కంటికి రేవు శుభ్రంగా ఉండాలట. ఉత్తరువు నేనే రాశాను. చదివి వినిపించడానికి కూడా నన్నే పంపారు. గొంతు బాగుంటుందని.

అరవై పడవలు. బల్లకట్టు మీద నిలబడి చదివాను, రాజసభ భాషలో, గంభీరంగా. మూడు రోజుల్లో లంకల అవతలికి పోవాలి, పోనివాళ్ళ పడవలు తగలబెడతారు.

ముసలిది తన పడవ అంచున కూర్చుని వల బాగుచేసుకుంటోంది. దాని కూతురు లోకాన్, ముప్పై అయిదేళ్ళుంటాయి, నడుముకి కత్తి, తెడ్డు ఆనించి నిలబడి ఉంది.

"ఏటి సెప్పినాడమ్మా ఈ అయ్యోరు? నాకు ముక్క అర్తం కానేదు" అంది కూతురు.

"పొమ్మంతన్నాడు" అంది ముసలిది. తర్వాత నా వైపు చూసి, "గొంతు మీ అమ్మదే వొచ్చినాది నీకు. ఒరే కెరాంగూ, బల్లకట్టు అంచున అలాగెందుకు నిలబడతావు, కాలు జారిపోద్ది" అంది.

నా పక్కనున్న బంట్లు ఇద్దరూ నన్ను చూశారు.

"పొరబడ్డావవ్వా. నా పేరు తున్ ముస్తారీ. మాది పసాయ్" అన్నాను.

"అవునులే. పసాయే" అంది. వల మీదకి వంగింది.

లోకాన్ మాత్రం ఊరుకోలేదు. "నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఓడెక్కించినారు. మా అమ్మ నెల్లాళ్ళు ఈ మొగలోనే పడవ కట్టీసి కూకున్నాది, గుంటడు దిగులెట్టుకుని ఎనక్కి ఈదుకొస్తాడేమోనని. తల్లి సచ్చినోడివని ముందు నీకు ముద్దెట్టి తరవాత నాకెట్టినాది. పదారేళ్ళకొచ్చినావు. తలపాగా సుట్టుకోనొచ్చినావు. ఈ బల్లకట్టు మీదే దిగి, మమ్మల్ని సూసి, ముక్కు మూసుకోని పోయినావు."

"వాసనకి ఎవరైనా మూసుకుంటారు" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. వాసన నిజంగానే వస్తోంది.

రజబ్ 23

బంట్లిద్దరికీ చెరో పోకచెక్కల సంచీ ఇచ్చాను. ముసలిదానికి మతి చలించిందని వాళ్ళూ ఒప్పుకున్నారు.

రజబ్ 25

మొగ ఖాళీ. శుభ్రంగా ఉంది.

షాబాన్ 2

గుజరాతీ వర్తకుడి ఓడ బురదలో కూరుకుపోయింది. దారి చూపించే పడవజనం లేరు. రెండు ఆటుపోట్లు గడిచినా కదల్లేదు. వర్తకుడు రేవుకొచ్చి నానా తిట్లూ తిట్టాడు. నాకు వాళ్ళ భాష కొంత వచ్చు కనక తర్జుమా చెయ్యమన్నారు. సగం చేశాను.

పుస్తకం నలభై పుటలైంది. రాజావారి గుణగణాల దగ్గరున్నాను. నెమ్మదిగా సాగుతోంది. సరుకు తక్కువ.

షాబాన్ 10

సియాం పడవలు బయల్దేరాయి. నూట ఇరవై. ముద్ర మన చేతికి రాకముందే పని ముగించాలని వాళ్ళ లెక్క. ఆరేడు రోజుల్లో ఇక్కడుంటారు.

సభలో రాజావారు చెమటలు పట్టి కూర్చున్నారు. సేనాపతి లేచి, ఉన్న నలభై పడవలతో అడ్డుకుంటానన్నాడు. ఎలా అంటే చెప్పలేదు. అందరూ అరుస్తున్నారు. ఆ గోలలో బెండహారా ఆకు చుట్టుకుని బుగ్గన పెట్టుకుని, "పడవజనం కావాలి" అన్నాడు.

వాళ్ళని తరిమింది తనే అని ఎవరూ గుర్తుచెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

"తున్ ముస్తారీ వెళ్తాడు" అన్నాడు.

"నేనెందుకండీ? సేనాపతిగారు..."

"పుస్తకం కూడా తీసుకెళ్ళు."

షాబాన్ 12

లంకల్లో ఒకటిన్నర రోజు తిరిగితే దొరికారు. మడచెట్ల నీడలో అరవై పడవలూ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. నన్ను పడవ ఎక్కమని ఎవరూ అనలేదు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి మాట్లాడాను.

సియాం సంగతి చెప్పాను. ఎప్పుడో తెలుసట. రాజావారు మిమ్మల్ని ఆప్యాయంగా తలుచుకుంటున్నారని చెప్పాను. లోకాన్ నవ్వి నీళ్ళలోకి ఉమ్మింది. ఉమ్మి నా పక్కనుంచే తేలుకుంటూ పోయింది.

"మన బాసలో అడుగు" అంది పెద్దమ్మ.

రాశాను కనక కొట్టెయ్యను. పెద్దమ్మే. మా అమ్మ అక్క.

ఆ భాష మాట్లాడి ముప్పయ్యేళ్ళయింది. నోరు తిరగదనుకున్నాను. "పెద్దమ్మా, సాయానికి రండే" అన్నాను. అది నోట్లోంచి వచ్చాక నాకే భయమేసింది, ఎవడో నా లోపల దాక్కుని మాట్లాడినట్టు.

ఆవిడ నా చంకలో ఉన్న పుస్తకం చూపించి, "అదేటి?" అంది.

"రాజుల కథ. నేనే రాశాను."

"మా అయ్య ఉన్నాడా అందులో?"

అరవై పడవల వాళ్ళూ అంచులకొచ్చి కూర్చున్నారు. ఎవరికీ చదువు రాదు. ఉన్నాడన్నాను.

"సదువు."

తెరిచాను. మొదటి పుట. నరసంచారం లేదన్న చోటు వేలికింద ఉంది. నేను కళ్ళెత్తి చదివాను. రెండు ఓడలు, జ్వరం, నీళ్ళు లేకపోవడం. బాతిన్ గెలామ్ జావ పోయడం. అతని పెద్ద కూతురు తిరామ్, చిన్న కూతురు సీపుట్, ఇద్దరు ఆడపిల్లలూ నడుంలోతు బురదలో నడిచి ఓడలకి దారి కొయ్యలు పాతడం. కొబ్బరి చిప్ప. ఇచ్చిన మాట. సీపుట్ మా అమ్మ. ఆ పేరు వచ్చినప్పుడు వెనక పడవలో ఎవరో ముసలాయన "ఆఁ" అన్నాడు, తను అక్కడ ఉండి చూసినట్టు.

చాలా బాగా చదివాను. ఆ నలభై పుటల్లో రాసినదానికంటే బాగా.

పెద్దమ్మ లేచి నడుం గుడ్డ బిగించుకుంది. "సరే. సియామోడికి దారి సూపించాల కదా" అంది.

షాబాన్ 13

అబద్ధమనడానికి లేదు. చదివినవి రేపు రాసేస్తే అవి నిజమే అవుతాయి. రాయడం ఒక పూట పని.

షాబాన్ 16

చూసింది చూసినట్టు రాస్తాను.

తెల్లారకముందే పడవజనం ఏటి మొగకొచ్చి దారి కొయ్యలన్నీ పీకి, పడమటి వైపు బురదతిప్ప మీద పాతారు. అచ్చం నిజమైన దారిలాగే ఉంది. అయితే సియాం వాళ్ళు కొయ్యల్ని మాత్రమే నమ్మి రారు. వాళ్ళకి ఇక్కడి మనిషి ఒకడు కావాలి. పెద్దమ్మ ఒంటరిగా ఒక చిన్న పడవలో వాళ్ళకి ఎదురెళ్ళింది.

ఏం చెప్పి నమ్మించిందో తర్వాత దొరికిన ఖైదీ చెప్పాడు. కొత్తగా ఏమీ కల్పించలేదట. ఈ రేవు మా అయ్యదని చెప్పింది. రాజు తన తండ్రి పేరు తుడిచేశాడని, జనం ముందు తన మొహాన ఒక బట్ట పడేశారని, అరవై పడవల్ని కుక్కల్లా తరిమారని చెప్పింది. మా ఇంటి పిల్లడే ఆ ఉత్తరువు చదివాడని కూడా చెప్పింది. ఆ రాజు ఇల్లు తగలబడితే చూడాలని ఉందంది. సియాం దొర ఆవిడ మొహం చూసి నమ్మాడు. ఎందుకు నమ్మడు? అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

కోట కంచె మీదనుంచి చూస్తూనే ఉన్నాం. మొదటి పడవ ముక్కున ఆవిడ నిలబడి ఉంది. చెయ్యి పైకెత్తి ఇటు, ఇటు అని చూపిస్తోంది. ఆటు తీస్తున్న వేళ. వెనకే వరసగా వచ్చేశారు. తొంభై పడవల దాకా తిప్ప మీదకి ఎక్కేశాయి. నీళ్ళు కిందనుంచి జారిపోయాయి. గుక్క తిప్పుకునేలోగా పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి, వాళ్ళు దిగితే నడుందాకా కూరుకుపోతున్నారు.

అప్పుడు మడచెట్లలోంచి మనవాళ్ళు వచ్చారు. బురదమీద చెక్కపలకలు వేసుకుని, ఒక మోకాలు పలక మీద, రెండో కాలితో తన్నుకుంటూ. చేతిలో ఈటెలు, నూనెగుడ్డల కాగడాలు. నా పక్కన సేనాపతి, "అరే, ఎంత జోరుగా పోతున్నార్రా" అన్నాడు, ఎద్దుల పందెం చూస్తున్నట్టు.

తిప్ప ఎక్కకుండా మిగిలిన పడవలు వెనక్కి తిరిగిపోయాయి.

ముక్కున నిలబడ్డ మనిషి ఎప్పుడు పడిపోయిందో నేను చూడలేదు. పడవ ఆగిందని తెలిసిన క్షణంలోనే నరికేశారట. పందొమ్మిది మంది పోయారు. ఆవిడతో కలిపి.

రాజావారు కంచె మీద నిలబడి, "మా అదృష్టం" అన్నారు.

షాబాన్ 17

రాయడం ఒక పూట పని అన్నాను. కూర్చున్నాను. మొదటి పుట కుట్టు విప్పి పక్కన పెట్టి కొత్తది రాశాను. బెండహారాకి చూపించకుండా కుట్టెయ్యొచ్చు. చూపించకుండా కుడితే రేపు చింపేస్తాడు. చూపించాలి.

షాబాన్ 18

చూపించాను. రాజావారు కూడా అక్కడే ఉన్నారు, ఊయలలో. బెండహారా చదివి వినిపించాడు. చదవడం అయ్యాక కాగితాన్ని తమలపాకుల పళ్ళెం కింద పెట్టాడు.

"మొన్న రేవుని కాపాడింది వాళ్ళు. ఇచ్చిన మాట కూడా ఉంది. రాయకపోతే అన్యాయం" అన్నాను.

"నీకెందుకయ్యా అంత బాధ? పసాయ్ వాడివి" అన్నారు రాజావారు.

ముప్పయ్యేళ్ళ మాట ఒక్కసారి వదిలేశాను. "కాదండీ. బాతిన్ గెలామ్ నా తాత. చనిపోయినావిడ నా పెద్దమ్మ."

ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. రాజావారు నవ్వారు. బెండహారా కూడా నవ్వాడు, ఆకు పొరమారి దగ్గి అన్నాడు:

"నువ్వు పసాయ్ వాడివని ఈ ఊళ్ళో నమ్మిందెవరయ్యా? నిన్ను చదువుకి ఓడెక్కించిన జాబితా రాసింది మా నాన్నే. వాకిలివాడికి తెలుసు. నీ వంటవాడికి తెలుసు. వాడు మీ జనం తినే గుల్లలు ఊరికే వండుతున్నాడనుకున్నావా, నువ్వెప్పుడు తింటావో అని పందెం కాసి వండుతున్నాడు."

"మరి ఈ పుస్తకం నాకెందుకిచ్చారు?"

"పరాయివాడు రాస్తే ఆ జనం ఏనాటికీ ఒప్పుకోరు. రేపెప్పుడైనా నోరెత్తితే, ఇదిగో, మీ గెలామ్ మనవడి చేతి రాత, ఇక్కడెవరూ లేరని వాడే రాశాడని చూపించొచ్చు."

"నా దస్తూరీ చూసి..."

"దస్తూరీదేముంది, మామూలే."

రాజావారికి జాలి కలిగినట్టుంది. "పోనీలే, పేరే కదా వాళ్ళకి కావలసింది. పెట్టు. మా వంశానికి తరతరాల బానిసలని రాసి, కింద గెలామ్ పేరు పెట్టు. పెద్దగానే రాయి."

సరేనని వచ్చేశాను. సరేననే అన్నాను. అన్నట్టు గుర్తు.

షాబాన్ 20

లంకలకి వెళ్ళాను. పూడ్చడం అప్పటికే అయిపోయింది. లోకాన్ ఒక్కతే పడవకి తారు పూస్తోంది. తల్లి పడవే. నా వైపు చూడలేదు.

చెప్పాలనుకున్నది అంతా చెప్పాను. ఆ రోజు చదివిన పేర్లు పుస్తకంలో లేవని. నేను అక్షరాలా మోసం చేశానని. దాన్ని నమ్మి పెద్దమ్మ...

"నమ్మిందని నీకెవులు సెప్పినారు?" అంది.

కుంచె ఆపలేదు. "రాజు పేరు సదివేటప్పుడు కాయితం సూసినావు. మా పేర్లు సదివేటప్పుడు సెట్లు సూసినావు. మాకు అచ్చరాలు రావు గానీ కళ్ళున్నాయి. అరవై పడవలోళ్ళకీ తెలుసు."

"మరెందుకు వెళ్ళింది?"

అప్పుడు తిరిగింది. "సియామోడొస్తే మా పిల్లల్ని తెడ్లకి గొలుసులేసి కట్టేస్తాడు. అందుకెళ్ళింది. నీ పుస్తకం కోసం సచ్చిపోయిందనుకున్నావేటి? అంత పెద్దోడివనుకున్నావేటి నువ్వు?"

తారు వాసన. మళ్ళీ పడవ వైపు తిరిగి, నాతో కాదన్నట్టు, పడవతో చెబుతున్నట్టు అంది: "అయితే ఆ రోజు సీపుట్ పేరు నీ నోటెంట విన్నాది కదా. ఆ సాయంత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాది."

రాజావారి మాట చెప్పాను. బానిసలని రాస్తే పేరు పెట్టొచ్చన్న మాట.

"ఆ పుస్తకంలో మా తాత పేరెట్టినావంటే నీ సెయ్యి నరుకుతాను. కుడిసెయ్యి" అంది. "మేం ఎల్లిపోతన్నాం. దూత దిగేక, కాపలా పడవలు అటు పోతాయి కదా, అప్పుడు. సెప్పుకుంటావో, మానుకుంటావో."

చెప్పుకోలేదు. ఎవరికీ.

షాబాన్ 27

దూత దిగాడు. తొమ్మిది తెరచాపల ఓడ. రేవంతా పందిళ్ళు. మొగ బయట రెండు రోజులు ఆగాల్సివచ్చింది, లోపలికి దారి తెలిసినవాడు దొరక్క. చివరికి నీటి పోటు చూసుకుని ఎలాగో నెట్టారు.

సభ నిండిపోయింది. పాత మొదటి పుటే తిరిగి కుట్టిన పుస్తకం పట్టుకుని గద్దె ముందు కూర్చున్నాను. పక్కన దూత తాలూకు దుబాసీ, బక్కపల్చటి మనిషి, నేను నాలుగు వాక్యాలు చదివి ఆగితే తర్జుమా చేస్తున్నాడు. దూత తలూపుతున్నాడు. విహారార్థం బయల్దేరడం అయింది. ద్వీపపు దొర అకస్మాత్తు మరణం అయింది.

నరసంచారం దగ్గరికొచ్చాను. పుస్తకం మూసేశాను.

లేచి నిలబడి చెప్పాను. ధైర్యం కాదు. ఒంట్లో అలాంటిదేం లేదు. కూర్చుని ఉంటే మాట రాదనిపించింది, అంతే. ఇక్కడ మనుషులున్నారని చెప్పాను. వాళ్ళ పెద్ద పేరు, కూతుళ్ళ పేర్లు, వాళ్ళ కాళ్ళకి అంటిన బురద మీద ఈ గద్దె ఉందని. మొన్న ఈ రేవుని నిలబెట్టి చచ్చిపోయిన పందొమ్మిది మంది పేర్లూ, తెలిసినంతవరకు. పదకొండే తెలుసు. ఆ తర్వాత, నేను వాళ్ళవాణ్ణి, ఈ పుస్తకం అబద్ధం, రాసింది నేనే అని చెప్పాను.

రాజావారి మొహం పసుపు గొడుగు రంగులోకి తిరిగింది.

దూత దుబాసీ వైపు తిరిగి ఏదో అడిగాడు. దుబాసీ బెండహారా వైపు చూశాడు.

బెండహారా ఆకు ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చుకుని, చిరునవ్వుతో, "ఇక్కణ్ణుంచి రాజావారి మీద స్తుతి పద్యాలండీ. కవి ఆవేశపడ్డాడు" అన్నాడు.

దుబాసీ తర్జుమా చేశాడు. దూత సంతోషించాడు. నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. సభ చప్పట్లు కొట్టింది. అందరూ. నా మాటలు అర్థమైనవాళ్ళందరూ.

మధ్యాహ్నానికి ముద్ర ఇచ్చేశారు.

వెనక వసారాలో బెండహారా నన్ను గోడకి ఆనించి, నెమ్మదిగానే, "నాలుక కోయించేవాణ్ణి. ఇంట్లో చుట్టాలున్నారు కదా, బాగోదు. దూత పున్నమి దాకా ఉంటాడు. ఈలోగా నువ్వు ఇక్కడ కనబడకూడదు. పుస్తకం రెండోవాడు పూర్తిచేస్తాడు" అన్నాడు.

"వాడికి అక్షరాలు రావండీ."

"వస్తాయిలే. ఇంకో నలుగురు రాజులు పోయాక ఎవరు చూడొచ్చారు?"

రంజాన్ 2

రాయడానికి వీలు చిక్కింది ఇవాళే.

కాపలా పడవలన్నీ దూత ఓడ చుట్టూ ఉండగా బయల్దేరాం. బయల్దేరారు. నేను బల్లకట్టు చివర నిలబడ్డాను, చేతిలో ఈ కాగితాలు తప్ప ఏమీ లేవు. ఎవరూ పిలవలేదు. యాభై తొమ్మిది పడవలు నా ముందునుంచి వెళ్ళిపోయాయి. కొందరు చూశారు, కొందరు చూడలేదు. ఒకావిడ ముక్కు మూసుకుంది. ఆవిడకి ఆ హక్కుంది.

చివరి పడవ లోకాన్‌ది. తిన్నగా పోతున్నదల్లా తెడ్డు ఎదురు వేసి ఆపింది. బల్లకట్టుకి చేరువగా కాదు, మూడు బారల దూరంలో.

"ఈదడం వొచ్చా, అదీ పసాయ్‌లో మర్సిపోయినావా?"

దూకాను. తలపాగా నీళ్ళలో విడిపోయి ఎటో పోయింది. కాగితాలు నెత్తిమీద ఒంటిచేత్తో పట్టుకుని ఈదాను. ఎక్కడానికి చెయ్యి ఇవ్వలేదు. నేనే ఎక్కాను, మూడో ప్రయత్నానికి. పొట్ట గీరుకుపోయింది.

"మాటాడకు. ఈ పడవకి కన్నం ఉంది. మొన్న సియామోడి బాణం. నీళ్ళు తోడు" అని ఒక కొబ్బరి చిప్ప నా ఒళ్ళో పడేసింది.

అయిదు రోజులుగా తోడుతున్నాను. ఎక్కడికి పోతున్నామో నాకు చెప్పలేదు. దక్షిణానికి అనుకుంటాను. ఉపవాసం ఉన్నానంటే, ఉండు, తోడు అంది. కలం తప్ప ఏదీ పట్టని చేతులు, అరచేతులు రెండూ బొబ్బలెక్కి చిట్లాయి. ఇవాళ చిప్ప జారిపోతుంటే చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఉప్పునీళ్ళలో ముంచు" అంది.

"మండుతాది."

"మండనీ. గట్టిపడతాది."

ముంచాను. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. అటు తిరిగి తెడ్డు వేసుకుంటోంది, చూడలేదు.

ఈ పుట అంతా వంకర టింకర అక్షరాలు. ఇక చాలు. నీళ్ళు పాదాల దాకా వచ్చాయి.